గేటు దగ్గర ఖాళీ బిందె

ఈ ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు మా పెద్దత్త పెరట్లో బీర తీగ ఒక పొడవాటి ఇనప గొట్టం మీద పాకి కనిపించింది. రెండు కొయ్య గుంజల మధ్య అడ్డంగా కట్టిన గొట్టం. తుప్పు తినగా మిగిలినచోట ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ, మళ్లీ ఎర్ర పట్టీ. ఆకులు పక్కకు తీసి చూశాక గుర్తుపట్టాను. ఏటికి వెళ్లే తోవకు ఒకప్పుడు అడ్డంగా పెట్టిన గేటు అది. పాత ఇనుము కొనేవాడు వచ్చి అడిగాడట, అత్త ఇవ్వలేదట. "బీరకు మంచిగ కుదిరింది, ఎందుకియ్యాలె" అంది. గెలిచిన రాజులు ఓడినవాళ్ల ఫిరంగులు తెచ్చి కోట ముందు నిలబెట్టుకునేవారని మా బడి పుస్తకంలో ఉండేది. మా అత్తకు కోట లేదు, కూర అవసరం ఉంది.

మా ఊరు భోపాల్‌పట్నం నుంచి కచ్చా రోడ్డు మీద జీపు ఎంతసేపు ఓపిక పడితే అంతసేపటికి వస్తుంది, ఇంద్రావతి ఒడ్డున. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పక్క గూడెంలో దోర్లీ, సంతలో ఎవరు ఎక్కువ గట్టిగా అరిస్తే వాళ్ల భాష. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది తెలంగాణ నుంచి వచ్చే బస్సుల బోర్డుల మీద, కిరాణా కొట్టు క్యాలెండర్ల మీద. అందుకని చాలా రోజులు నేను చదివే తెలుగులో ఊళ్ల పేర్లు, ఏకాదశులు తప్ప వేరే మాటలు ఉండేవి కావు. ఇప్పుడు కిరందుల్‌లో గని బండ్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాను. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఎర్రగానే ఉంటుంది. నేను చెప్పబోయే రోజుల్లో మాత్రం నాకు పై పెదవి మీద వస్తున్నది మీసమా, మురికా అని ఇంట్లో చర్చ నడుస్తుండేది. బస్తర్‌లో అందరూ ఏదో ఒకటి తవ్వుతున్న కాలం అది. పైనున్న కొండల్లో ఇనుము దొరికిందని, అక్కడ కాలనీలు, ఆస్పత్రి, సినిమా హాలు వచ్చాయని వినేవాళ్లం. మాకూ ఏదైనా దొరక్కపోదా అని పెద్దవాళ్లు ఆశపడేవారు. చివరికి మా వంతుకు ఇసుక వచ్చింది.

ఆ ఇసుక మాకు కొత్తది కాదు. వానాకాలమంతా ఏరు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. దసరా దాటాక నీళ్లు మెల్లగా వెనక్కి జరిగి తెల్లటి తిన్నె బయటపడేది. అప్పటినుంచి మళ్లీ వరద వచ్చేదాకా మా బతుకంతా దాని మీదే. స్నానాలు అక్కడ, బట్టలు అక్కడ, చేపలు ఎండేసేది అక్కడ, పిల్లలు కొట్టుకునేది అక్కడ, పెద్దలు వచ్చి ఆ కొట్లాటకు తీర్పు చెప్పబోయి తాము కొట్టుకునేది కూడా అక్కడే. అన్నింటికంటే ముఖ్యం ఏటి పాదులు. ఇసుకలో గుంట తీసి, అడుగున పేడ ఎరువు వేసి, దోస, పుచ్చ, సొర గింజలు పెట్టేవాళ్లం. ఎవరికీ పట్టా లేదు. వరద ప్రతి ఏడూ హద్దులన్నీ తుడిచేస్తుంది కనుక ఊరి పటేలు ప్రతి ఏడూ వచ్చి కొత్తగా పంచేవాడు. పంపకానికి ఒకటే లెక్క, పొయ్యి. ఎవరి పొయ్యి వాళ్లకు వేరుగా వెలుగుతుంటే వాళ్లకొక పట్టీ. మగదిక్కు ఉందా, పొలం ఉందా, ఏ కులం, ఏ గూడెం అని అడిగేవాళ్లు కాదు. పొగ కనిపిస్తే చాలు, హద్దు గూటం పాతుకోవచ్చు. నిరుటి గొడవలు నిరుటి వరదతో పోయేవి గనుక ఊళ్లో వాళ్లకు ఏటేటా గొడవలు కూడా మొదటినుంచి మొదలుపెట్టుకోవలసిన శ్రమ ఉండేది.

మా పెద్దత్త అంటే బాపుకు అక్క. పేరు రాజవ్వ. పెళ్లయి వెళ్లిన ఊళ్లో మామ పాము కాటుకు పోయాక, పొలం మరుదుల పేర ఉన్నదని తెలిసి, ఒక ఇత్తడి బిందె చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది. బాపు ఇంట్లో ఉండమన్నాడు. ఆమె ఉంది, కానీ ఇంటి వెనక చూరు కిందకు ఒక రేకు దించి, మూడు రాళ్లు పెట్టి తన పొయ్యి తాను వేరే వెలిగించుకుంది. తమ్ముని కొంపలో అక్క వేరే వండుకుంటే లోకం ఏమంటుందని బాపు చాలా రోజులు బాధపడ్డాడు. లోకం ఏమీ అనలేదు. లోకానికి ఆ ఏడు పుచ్చకాయలు బాగా కాశాయి. ఆ పొయ్యి పొగ చూపించి ఆమె ఇసుకలో పట్టీ సంపాదించింది, ఆ పట్టీ మీద పండింది అమ్ముకుని ఆ పొయ్యి ఆరకుండా చూసుకుంది. ఒకదానికొకటి జామీను. ఏడాదిలో మిగతా నెలలు తునికాకు కోసేది, ఇప్పపువ్వు ఏరేది, నాట్లకు పోయేది. అయినా తనది అని చెప్పుకునేది ఆ పట్టీ ఒక్కటే.

తెల్లారకముందే లేచి, పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని, బిందె తీసుకుని ఏటికి పోయేది. బిందెను ఇసుకతో తోమే చప్పుడుకే మా వాడలో సగం మంది లేచేవారు. తిరిగి వచ్చి అంబలి కాచి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ గడప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పరీక్షించేది. ఎండాకాలం వస్తే ఆమె మంచం కింద దోసపండ్లు పరిచేది. వాటి వాసన ఇల్లంతా పట్టేది. బట్టలకు, పుస్తకాలకు, చివరికి నా పరీక్ష అట్టకు కూడా. హాల్లో పక్కన కూర్చున్నవాడు ప్రశ్నలు వదిలేసి నన్ను వాసన చూస్తుండేవాడు. పడుకున్న దుప్పట్లో, అన్నంలో, చెవుల్లో ఎప్పుడూ కొంచెం ఇసుక. నేను అమ్మ పొయ్యి దగ్గరా తినేవాణ్ణి, అత్త పొయ్యి దగ్గరా తినేవాణ్ణి. రెండు పక్షాల మధ్య రాయబారం చేస్తూ ఒళ్లు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

తాగే నీళ్ల కోసం ఏట్లో చెలమలు తీసేవాళ్లం. నీటి అంచుకు కొంచెం ఎడంగా ఇసుకలో మోచేతి లోతు తవ్వితే తేట నీరు ఊరుతుంది. ఇంటికొక చెలమ. అది ఎవరిదైనా, దాహమని వచ్చినవాళ్లు ముంచుకోవచ్చు. కానీ బయటినుంచి ముఖ్యమైన మనిషి ఎవరైనా వస్తే వాడిన చెలమ నీళ్లు ఇవ్వకూడదు. పాతవి పూడ్చి, ఇసుక చదును చేసి, ఆ మనిషి కోసం పొద్దున్నే ఒక కొత్త చెలమ తీస్తారు. పెళ్లివారికి అట్లాగే, వియ్యంకులకు అట్లాగే. ఎంత పెద్ద మనిషి అయితే అంత ఎక్కువ ఇసుక చదును చేయాలి. మా కొంప ముంచింది ఈ మర్యాదే.

ఠేకేదారు ఒకడు ఏట్లో ఇసుక తవ్వే ఖదాన్ గుత్తకు పట్టాడని, రోడ్లకూ వంతెనలకూ లారీల్లో తోలుకుపోతాడని ముందు పుకారు వచ్చింది, వెనకాలే అతను వచ్చాడు. వేళ్లన్నిటికీ రంగురాళ్ల ఉంగరాలు. చేయి ఊపి మాట్లాడితే పెళ్లి పందిరి లైట్లలాగా ఉండేది. మనిషి చెడ్డవాడేమీ కాదు, పిల్లలకు బిస్కెట్లు పెట్టాడు. తోవకు గేటు పెడతానని, బయటివాళ్లను ఏట్లోకి రానివ్వనని అన్నప్పుడు బయటివాళ్లంటే ఎవరో అని మేము కూడా తలలూపాం. అది మేమేనని తెలిశాక పటేలు వెళ్లి బీజాపూర్ ఆఫీసులో మొరపెట్టుకున్నాడు. ఆ ఏటికి ఊరివాళ్ల తోవ ఉందా, ఊరివాళ్లు ఆ ఇసుకను వాడుకుంటారా లేదా అన్నది ఒక సాబు వచ్చి కళ్లారా చూసి పోతాడని జవాబు వచ్చింది. అంతకంటే న్యాయం ఏముంటుందని ఊరంతా సంబరపడింది.

అప్పటికే పాదులు పంచుకున్నారు. గూటాలు పాతి ఉన్నాయి, చెలమలు నిండుగా ఉన్నాయి, వలలు, చాపలు, ఎండు చేపలు, కాపలా గుడిసెల కొయ్యలు, ఒకచోట ఎవరిదో చిరిగిన చెప్పు. సాబు వస్తున్నాడు. అంత పెద్ద మనిషి మన ఏటికి ఇంతవరకు రాలేదు. ముందురోజు సాయంత్రం ఊరు ఊరంతా చీపుర్లు పట్టుకుని ఏట్లోకి దిగింది. గూటాలు పీకి ఒడ్డున తుప్పల వెనక పెట్టారు. వలలు మడిచారు. చేపలు వాసన వస్తాయని ఇళ్లకు మోశారు. చెలమలన్నీ పూడ్చారు. అందరికంటే ఉత్సాహంగా ఊడ్చింది మా పెద్దత్త. తోవ పొడుగునా వెనక్కి నడుస్తూ తన అడుగులు తానే చెరుపుకుంటూ వచ్చింది. పొద్దున ఒక్కటే చెలమ, దాని పక్కన కడిగిన కంచు లోటా. ఆ ఇసుకను చూస్తే దేవుడు దాన్ని అప్పుడే చేసి ఆరబెట్టినట్టుంది.

సాబు వచ్చాడు. టోపీ తీసి, చుట్టూ చూసి, చాలా సుందరంగా ఉందన్నాడు. కొత్త చెలమ నీళ్లు తాగి ఇంకా సుందరంగా ఉందన్నాడు. తర్వాత తన వెంట వచ్చిన గుమాస్తాతో, "యహా తో కోయీ ఆతా-జాతా హీ నహీ" అన్నాడు. ఇక్కడికి మనుషులు వచ్చిపోయే జాడే లేదు అని. పటేలు వెంటనే, ఊరంతా రోజూ ఇక్కడే ఉంటుందని హిందీలో చెప్పబోయాడు. సాబు ఇసుక వైపు చూశాడు. పటేలు కూడా చూశాడు. ఆ ఇసుక మీద ఒక్క కాకి అడుగు కూడా లేదు. తుప్పల వెనక్కి పరుగెత్తి గూటాలు పట్టుకొచ్చి చూపించారు కొందరు. సాబు వాటిని చూసి, వంటచెరకు బాగానే దొరుకుతుందన్నమాట అన్నాడు. ఆయన అబద్ధం రాయలేదు. చూసింది రాశాడు. మేము చూపించిందే చూశాడు.

వారం తిరగకముందే ఏటి దిగువ తోవ దగ్గర ఈ గొట్టం వచ్చింది. ఒక చివర బరువుకు రాయి, ఇంకో చివర తాడు. దానికి ఇటూ అటూ ముళ్ల కంచె. పక్క గూడెం నుంచి సోమయ్య అనే దోర్ల కుర్రవాడిని కాపలా పెట్టారు. లారీ వస్తే తాడు వదలాలి, మనిషి వస్తే పట్టుకోవాలి. ఊళ్లో పంచాయితీ కూర్చుంది. మా పటేలు ప్రాణం పోయినా ఏరు వదలనని కళ్లనీళ్లు పెట్టుకుని, అంబలి వేళకు లేచి వెళ్లిపోయాడు. మేము కుర్రకారు బీజాపూర్ వెళ్లి ఆఫీసు ముందు కూర్చుంటామని జీపు మాట్లాడుకుని నినాదాలు ఇస్తూ బయలుదేరాం. కూర్చోవలసిన ఆఫీసులో సాబు లేడు, దౌరా మీద ఊళ్లు తిరుగుతున్నాడు. ఎవరి ముందు కూర్చోవాలో తెలియక సమోసాలు తిన్నాం. వచ్చేటప్పుడు జీపు ఆగిపోతే తోసుకుంటూ వచ్చాం. ఊళ్లోకి వచ్చేసరికి నినాదాలకు గొంతు లేదు. ఉద్యమం ఊరికి క్షేమంగా చేరింది అని నేనంటే బాపు చెప్పు తీశాడు.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. గింజలు పెట్టే అదను జారిపోతోంది. తిన్నె మీద తేమ ఆరకముందే పెట్టాలి, ఆ తర్వాత పెడితే మొలక రాదు. పొలాలున్నవాళ్లు విసుక్కుని పొలాల పనిలో పడ్డారు. నీళ్లకు ఊళ్లో చేతిపంపు ఉంది, కొంచెం తుప్పు వాసన వచ్చినా తాగొచ్చు. అత్తకు మాత్రం ఆ పట్టీ బదులు ఇంకోటి లేదు. ఆమె మొలక కట్టిన గింజల మూట రోజూ విప్పి చూసి, నీళ్లు చిలకరించి మళ్లీ కట్టేది. ఒకరోజు అమ్మ మా పొయ్యి దగ్గర ఇంకో పీట వేసి, కంచం పెట్టి, అత్త వైపు చూసింది. ప్రేమతోనే పెట్టింది. అత్త ఆ పీట మీద కూర్చుని తిన్నది, బాగుందని కూడా అన్నది. తిరిగి వెళ్లి తన పొయ్యిలో నాలుగు పుల్లలు వేసి, గిన్నె ఏమీ పెట్టకుండానే మంట వెలిగించి కూర్చుంది. పొగ ఉంటే చాలు గదా అనుకుందేమో. నాకు అప్పుడు ఒక్క జోకూ తట్టలేదు, అది నా ఆరోగ్యానికే మంచిదైంది.

మర్నాడు తెల్లవారుతుండగా అత్త బిందె తీసుకుని గేటు దగ్గరకు పోయింది. ఎప్పుడూ పోయే వేళే. నేనూ వెనకాలే పోయాను, జరగబోయేది చూడాలనే తప్ప జరిపించే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు. సోమయ్య ఇబ్బందిగా నిలబడి, లోపలికి వదిలితే తన నౌకరీ పోతుందని చెప్పాడు. అత్త లోపలికి రానంది. "ఈడ నిలబడ్డందుకు గూడ తిడతడా మీ సాబు?" అని అడిగింది. సోమయ్య ఆలోచించి, నిలబడడం గురించి తనకేమీ చెప్పలేదన్నాడు. ఆమె గొట్టానికి ఇవతల, తోవ మధ్యలో, ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడింది. అంతలో ఏట్లోంచి మొదటి లోడు లారీ మూలుగుతూ పైకి వచ్చింది. సోమయ్య తాడు వదిలాడు, గొట్టం లేచింది. ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయల దండ. అద్దం మీద అమ్మవారు. అద్దం లోపల డ్రైవరు. డ్రైవరుకు ఎదురుగా, పొద్దు పొడవకముందే, బొట్టులేని ఆడమనిషి, ఆమె చంకలో ఖాళీ బిందె. అతను బ్రేకు వేసిన తీరుకు సగం ఇసుక మళ్లీ ఏటికే పోయింది.

డ్రైవరు హారన్ కొట్టలేదు. కిందికి దిగి చెప్పులు విడిచి, "మాయీ, జరా హట్ జావో" అని బతిమాలాడు. అత్త వెంటనే పక్కకు జరిగింది. ఆమె ఎవరికీ ఎదురు చెప్పే రకం కాదు. కానీ జరిగినందువల్ల ఏం లాభం, ఎదురు రావడం అయిపోయింది గదా. అతను లారీని వెనక్కి దింపి, ఒక బీడీ కాల్చి, చెడు ఘడియ దాటిందనుకుని మళ్లీ పైకి తెచ్చాడు. అత్త మళ్లీ మధ్యలో ఉంది. అతని వెనక ఇంకో లారీ, దాని వెనక ఇంకోటి. పొద్దెక్కేసరికి ఏట్లో లారీలు సంతనాటి ఎడ్లలాగా నిలబడ్డాయి. వాళ్లలో ఒక కుర్ర డ్రైవరు ఇవన్నీ నమ్మనని నవ్వి, పక్కనుంచి తప్పించుకుని పోయాడు. ఊరు దాటకముందే అతని లారీ యాక్సిల్ విరిగింది. ఆ తోవ మీద, ఆ బరువుకు, లారీలు రోజు విడిచి రోజు విరుగుతూనే ఉండేవి. అయితే అంతకుముందు విరిగినప్పుడు కారణం తెలిసేది కాదు.

ఆ సాయంత్రం బాపు అత్త పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఊళ్లో అందరూ నవ్వుతున్నారని, తన ఇజ్జత్ పోయిందని మొదలుపెట్టి, చివరికి అసలు మాట అన్నాడు.

"నువ్వు అపశకునమని నీ అంతట నువ్వే చాటుకుంటవా అక్కా? చూస్తుంటే నా పాణం ఎట్లయితదో ఎరికేనా?"

"నేనేం చాటిన్రా? బిందె వట్టుకొని నిలబడ్డ. కడమదంత వాళ్లే అనుకుంటున్రు."

"అట్లనుకుంటరని తెలిసే గద నిలబడ్డవు."

అత్త పొయ్యిలో పుల్ల సర్దింది. "నీ బిడ్డ పెండ్లిల నన్ను ఎనుక అర్రల కూసోవెట్టినవు. తప్పు వట్టలే, అందరింట్ల అంతే. ఇన్నేండ్లు ఎనుక కూసున్న బలం నా తాన ఊకెనే ఉన్నది తమ్మీ. ఇయ్యాల పనికొచ్చింది."

బాపు పక్కనున్న గిన్నె తన ముందుకు జరుపుకున్నాడు. కొంచెం అంబలి ఉంటే పొయ్యమన్నాడు. అక్క పొయ్యి దగ్గర ఆయన తినడం నేను చూడటం అదే మొదలు. ఏదో గొప్ప ఘట్టం జరుగుతున్నట్టు నాకు కూడా అనిపించింది. అంతలో అంబలిలో ఉప్పు లేదని బాపు, ఉందని అత్త మొదలుపెట్టారు.

మర్నాటినుంచి ఊళ్లో ఉన్న మిగతా వితంతువులు కూడా తలా ఒక ఖాళీ బిందె పట్టుకుని వచ్చారు. ఏళ్ల తరబడి పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ పక్కకు తప్పుకుని నడిచిన వాళ్లు, తోవ మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్ల గొంతులు అంత పెద్దవని మాకు అప్పుడే తెలిసింది. ఉత్సాహం ఆగక పటేలు భార్య కూడా బిందె తెచ్చుకుని వరసలో నిలబడింది. అత్త ఆమె బొట్టు, పుస్తెలు చూసి నెమ్మదిగా చెప్పింది. "నువ్వు వద్దు వదినె. ముత్తయిదవు. నువ్వెదురొస్తే వాళ్లు ఇంకో రెండు ట్రిప్పులు ఎక్కువ గొడతరు." పటేలు భార్య అవమానంతో ఇంటికి వెళ్లి పటేలు మీద కోపగించుకుంది. ఆయన బతికి ఉండటం ఆమెకు అడ్డం రావడం అదే మొదలని ఊళ్లో కొన్నాళ్లు చెప్పుకున్నారు.

ఠేకేదారు వచ్చాడు. జీపు దూరంగానే ఆపుకున్నాడు, ఉంగరాలున్న మనిషి గదా. అత్తను పక్కకు రమ్మని, ఆమె వచ్చేదాకా తాను వేరే వైపు చూస్తూ నిలబడి, ఏం కావాలో అడిగాడు. తోవ కావాలి, పాదులు పెట్టే కింది వంపు దగ్గర ఇసుక జోలికి లారీలు రాకూడదు అంది. అది తన కాగితంలో ఉన్న ఇసుకేనని అతనన్నాడు. కాగితం సంగతి తనకు తెలియదని, బిందె సంగతి తెలుసని అత్త అంది. నిజానికి అతన్ని ఒప్పించింది అత్త కాదు, డ్రైవర్లు. వాళ్ల మేస్త్రీ వచ్చి, ఈ ఆడవాళ్లను ముందు ఏట్లోకి వదలకపోతే తమవాళ్లు స్టీరింగ్ పట్టరని చెప్పాడు. గొట్టం పక్కన కంచె తెంపి, చంకన బిందె ఉన్న మనిషి పట్టేంత సందు వదిలారు. మా ఊళ్లో దాన్ని ఇప్పటికీ బిందె సందు అంటారు. వాళ్లు పొద్దున్నే ఖాళీ బిందెలతో లోపలికి పోయేటప్పుడు డ్రైవర్లు గోడ లేకపోయినా గోడ వైపు తిరిగినట్టు తిరిగి నిలబడేవారు. నిండు బిందెలతో తిరిగి వచ్చాక, ఆ బిందెలు ఎదురొచ్చేలా చూసుకుని, దండం పెట్టుకుని బండ్లు తీసేవారు. నిండు బిందె ఉన్నది వితంతువు చేతిలో అయితే లెక్క ఎట్లా అని వాళ్లలో వాళ్లకు వాదన వచ్చింది. నీళ్లకు బొట్టు అక్కర్లేదని మేస్త్రీ తేల్చాడు. పండితుడు అతను.

అత్త గింజలు ఆలస్యంగానే పెట్టింది. సగం మొలిచాయి. ఆ ఎండాకాలం దోసపండ్ల వాసన ఇంట్లో సగమే వచ్చింది, అయినా వచ్చింది. అమ్మ ఆ పీటను తీసి అటక మీద పెట్టింది. ఠేకేదారు ఉన్నన్నాళ్లు కింది వంపు జోలికి రాలేదు. పైనున్నదంతా తోలుకుని, గొట్టం వదిలేసి వెళ్లిపోయాడు. అతని తర్వాత వచ్చినవాళ్లు గేటు కూడా పెట్టలేదు. ఇప్పుడు ఏటికి పోవడానికి ఎవరికీ అడ్డు లేదు. తోవ పోయి చేరేచోట ఇసుకే లేదు, అంతే తేడా. పైకి రాళ్లు తేలాయి, గుంటల్లో పచ్చనీళ్లు నిలిచాయి. వరద ప్రతి ఏడూ కొంచెం తెస్తుంది, ట్రాక్టర్లు కొంచెం ఎక్కువ తీసుకుపోతాయి. కింది వంపు దగ్గర చిన్న తిన్నె మిగిలింది. పాదులు పెట్టేవాళ్లు ఎవరూ లేరు గనుక పంచే పటేలుకూ పని లేదు. అందరిళ్లలో గ్యాసు పొయ్యి. పొగ చూసి లెక్కపెట్టే రోజులు కావు.

బీర తీగ చూసిన మర్నాడు పొద్దున అత్త ఏటికి పోదామంది. నడుము వంగింది, బిందె అదే. నేను ప్లాస్టిక్ డబ్బా పట్టుకొస్తానంటే దాని వంక పురుగును చూసినట్టు చూసింది. సందు దాటి కొంచెం దిగామో లేదో ఎదురుగా ఇసుక ట్రాక్టరు. నేను పక్కకు తప్పుకున్నాను. అత్త తప్పుకోలేదు. అలవాటు కొద్దీ తోవ మధ్యలో, ఖాళీ బిందె చంకన సర్దుకుని నిలబడింది. ట్రాక్టరు ఆగింది. ఒక్క క్షణం నాకు పాత రోజులు తిరిగి వచ్చాయనిపించింది. నూనూగు మీసాల కుర్రవాడు చెవుల్లోంచి తీగలు తీసి కిందికి దూకాడు. "అమ్మమ్మా, ఎండల నిలబడ్డవేంది" అని, మోచేయి పట్టుకుని, జాగ్రత్తగా నడిపించి, మద్ది చెట్టు నీడలో నిలబెట్టాడు. జారుతున్న బిందెను కూడా సరిచేశాడు. మళ్లీ తీగలు చెవుల్లో పెట్టుకుని బండి తీసుకుని పోయాడు.

అత్త దుమ్ము తగ్గేదాకా ఆ వైపే చూసింది. "మంచి పిల్లగాడు" అంది, ఎవరో పోయారని చెబుతున్న గొంతుతో.

నేను ఆమెకు నచ్చజెప్పబోయాను. ఇప్పుడు ఆ శకునాలన్నీ ఎవరూ నమ్మడం లేదు, అది మంచిదే గదా, మొన్న మా తమ్ముని బిడ్డ పెళ్లిలో నువ్వే ముందు వరసలో కూర్చున్నావు అన్నాను.

"కూసున్న. ఫోటోల గూడ వడ్డ" అంది అత్త. "బలం వోయింది అల్లుడా."

వంపు దగ్గర దిగి, చేత్తోనే ఇసుక తీసింది. చాలా సేపు తీయవలసి వచ్చింది. మోచేయి దాటి, దాదాపు భుజం దాకా చేయి దిగాక నీళ్లు ఊరాయి. ముందు మబ్బుగా, తర్వాత తేటగా. దోసిలితో నాకు పోసింది, కొత్త చెలమ నీళ్లు. నేను ఇప్పుడు బయటినుంచి వచ్చే మనిషినని గుర్తు చేసిందో, లేక పాత చెలమలే లేవు గనుక తీసిందో అడగలేదు. నిండిన బిందెను నేను మోస్తానంటే ఇవ్వలేదు. చంకన పెట్టుకుని, నాలుగు అడుగులకొకసారి ఆగుతూ పైకి వస్తోంది. అప్పుడు ఆ ట్రాక్టరే, ఖాళీ చేసుకుని, రెండో లోడు కోసం మళ్లీ దిగుతున్న చప్పుడు వినిపించింది.

అత్త ఆగింది. బిందెలోకి చూసింది. అంచు దాకా ఉన్నాయి నీళ్లు. తోవ దిగి, ముళ్లు చీరకు తగులుకుంటున్నా లెక్కచేయకుండా వావిలి పొదల వెనక్కి పోయి, అటు వైపు తిరిగి నిలబడింది. కుర్రవాడు ఏమీ చూడకుండా తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు. ఎందుకని నేను అడిగితే అత్త గొంతు తగ్గించి చెప్పింది.

"నిండు బిందె ఎదురొస్తే వానికి మంచిగయితది. మనమెందుకు జెయ్యాలె?"

ట్రాక్టరు చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా ఆగి, అప్పుడు తోవలోకి వచ్చింది.